కలాపంలో మాట: పాలకాయతిప్ప దారిలో చూసిన భామాకలాపం – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

కృష్ణానది సముద్రంలో కలిసే చోట, దివిసీమ చివరన ఉన్న తీరగ్రామం పాలకాయతిప్ప. దానికి చేరువలోని హంసలదీవి వేణుగోపాలస్వామి ఆలయంలో మాఘపౌర్ణమికి ఉత్సవాలు జరుగుతాయి. ఆ సందర్భంగా వేలాది జనం సాగరసంగమ స్నానానికి పాలకాయతిప్ప తీరానికి వస్తారు. ఆ తిరునాళ్ల రోజుల్లోనే, సంగమానికి పోయే దారిలోని ఒక పల్లెలో, ఆరుబయట వేదిక మీద ఒక సంప్రదాయ మేళం ఆడిన భామాకలాపాన్ని ఈ వ్యాసకర్త చూశాడు. కొన్ని నెలల తరువాత ఒక నగర రంగమందిరంలో అదే ఇతివృత్తంతో కూర్చిన కూచిపూడి నృత్యాన్ని చూసే అవకాశం కలిగింది. రెండూ శ్రద్ధతో చేసిన ప్రదర్శనలే. అయినా మొదటిది చూసిన తరువాత సత్యభామ అనే వ్యక్తి మనసులో మిగిలింది. రెండవది చూసిన తరువాత నర్తకి నైపుణ్యం మిగిలింది. ఈ తేడాకు కారణమేమిటో వాచికాభినయ దృష్టితో విచారించడం ఈ వ్యాసం ఉద్దేశం. రెండు ప్రదర్శనలను బట్టి ఒక సంప్రదాయం మీద తీర్పు చెప్పడం సాధ్యం కాదు. అయితే ప్రేక్షకుని అనుభవం నుంచి బయలుదేరిన ప్రశ్నకు సాహిత్య విద్యార్థి సమాధానం వెదకక తప్పదు.

కలాపంలో వాచికం స్థానం

భరతుడు అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించాడు. నాట్యశాస్త్రంలో వాచికాభినయ ప్రకరణం ఆరంభంలోనే మాట విషయంలో ప్రయత్నం అవసరమనీ, అది నాట్యానికి శరీరం వంటిదనీ చెప్పాడు. కూచిపూడి భాగవతుల ప్రదర్శనలను ఈ సూత్రానికి లక్ష్యంగా చూపవచ్చు. వారి యక్షగానాలలోనూ కలాపాలలోనూ పాత్రధారి తానే పాడతాడు, తానే మాట్లాడతాడు, తానే ఆడతాడు. విజయనగర ప్రభువు వీరనరసింహరాయల ఎదుట సిద్ధవటం పాలకుడైన సమ్మెట గురవరాజు దుండగాలను కూచిపూడివారు ప్రదర్శించి చూపారని మాచుపల్లి కైఫియతు చెబుతోంది. ఆ కథనంలోని చారిత్రకత ఎంత అన్నది అలా ఉంచితే, భాగవతులను లోకవృత్తాన్ని రాజు చెవిన వేయగల వారిగా జనం భావించారన్నది మాత్రం స్పష్టం. కేవలం హస్తముద్రలతో అది నెరవేరే పని కాదు.

సంప్రదాయం సిద్ధేంద్రయోగికి ఆపాదించిన భామాకలాపంలో దరువులు, పద్యాలు, కందార్థాలు, వచనాలు, సంవాదాలు కలగలిసి ఉంటాయి. కథ చాలా చిన్నది. రూపగర్వంతో సత్యభామ కృష్ణుడితో కలహిస్తుంది, ఆయన వెళ్లిపోతాడు, ఆమె విరహంతో తపించి చెలికత్తె మాధవి చేత లేఖ పంపుతుంది. ఇంత చిన్న కథ రాత్రి పొడుగునా సాగడానికి ఆధారం సత్యభామ, మాధవుల సంభాషణ. తెర మీదుగా జడ వేసి సవాలు చేసిన సత్యభామను మాధవి ప్రశ్నలతో ఆటపట్టిస్తుంది. నీ భర్త పేరేమిటని నిలదీస్తుంది. పేరు చెప్పడానికి సిగ్గుపడి సత్యభామ సూచనలతో తప్పించుకుంటుంది. మాధవి అర్థం కానట్లు నటిస్తుంది. ఈ తంతు అంతా మాటల చుట్టూ తిరుగుతుంది. జగమంతా తన జడకు లొంగాలని వచ్చిన స్త్రీ ఒక్క పేరు పలకలేక తడబడటమే ఈ రూపకంలోని నాటకీయత. కలహాంతరితగా ఆమె పొందబోయే పశ్చాత్తాపానికి బీజం ఆ తడబాటులోనే ఉంది.

సూత్రధారుడే మాధవి కావడం కూడా ఇక్కడ గమనించదగిన విషయం. తాళాలు పట్టి ప్రదర్శనను నడిపే వ్యక్తి పాత్రలోకి వస్తాడు, మళ్లీ బయటికి పోతాడు. ఆయన ఒక కాలు ద్వారకలో, ఒక కాలు ప్రేక్షకుల ఊరిలో ఉంచి మాట్లాడతాడు. రాతప్రతిలో లేని మాట ప్రదర్శనలోకి ప్రవేశించేది ఈ ద్వారం గుండానే.

పల్లె వేదిక మీద ఒక ఘట్టం

పైన చెప్పిన ఆరుబయటి ప్రదర్శనలో వేదిక నాలుగు బల్లలు కలిపి వేసినది. దీపాలు తెల్లని కాంతి తప్ప మరో రంగు ఎరగవు. సముద్రపు గాలికి తెర పట్టుకున్న ఇద్దరూ దానిని అదుపు చేయలేక ఇబ్బంది పడ్డారు. సత్యభామ వేషం కట్టిన నటుడు యువకుడు కాడు. ప్రవేశదరువులో అడుగులు బరువుగా పడ్డాయి. విమర్శకుడు ఆ దశలోనే నిర్ణయానికి వచ్చి ఉంటే ఆ ప్రదర్శనకు అన్యాయం చేసినవాడయ్యేవాడు.

కృష్ణుణ్ణి వెదికి తెమ్మని సత్యభామ మాధవిని బతిమాలే ఘట్టం వచ్చింది. మాధవి వెంటనే కదలలేదు. సభ వైపు తిరిగి, తీర్థం జనంతో కోడూరు దారి కిక్కిరిసి ఉందనీ, తాను పోలేననీ అంది. జనం నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే, “అయినా అమ్మా, కృష్ణను వెదకమని ఈ ఊరు పంపుతారా? ఇక్కడికి వచ్చేసరికి కృష్ణ సముద్రుడిలో కలిసిపోయిందిగా!” అంది. నవ్వు రెట్టింపయింది. సత్యభామ కొంతసేపు మాట్లాడలేదు. తరువాత జడను ముందుకు తీసుకుని, తగ్గు స్వరంతో, “కలిసిపోయేది ఆ కృష్ణ, మాధవీ. కలవకుండా పోయినవాడు నా కృష్ణుడు” అన్నాడు ఆ నటుడు. సభ నిశ్శబ్దమయింది.

ఈ రెండు మాటలూ ఆ రాత్రి అప్పటికప్పుడు పుట్టినవో, ఆ మేళం ఈ ప్రాంతానికి వచ్చినప్పుడల్లా వాడుకునేవో చెప్పడం కష్టం. ఎలా వచ్చినా వాటి పనితనం విశ్లేషించదగినది. మాధవి మాటలో నదికీ నాయకుడికీ శ్లేష ఉంది. అది హాస్యం కోసం వేసినది. సత్యభామ ఆ శ్లేషనే తీసుకుని, ‘కలియు’ అనే క్రియను విధి, నిషేధ రూపాలలో తిప్పి, హాస్యాన్ని విప్రలంభంగా మార్చింది. నదికి ఉన్న భాగ్యం తనకు లేదన్న ఈర్ష్య కూడా అందులో ధ్వనిస్తుంది. శ్రోతలు ఏ సంగమంలో స్నానం చేయడానికి వచ్చారో ఆ సంగమమే ఉద్దీపన విభావమయింది. రససామగ్రిని కవి వర్ణించి అందించనక్కర లేకపోయింది. అది ప్రేక్షకుల తడిబట్టలలోనే ఉంది. ఆ క్షణం నుంచి నటుని వయస్సు, అడుగుల బరువు ఎవరికీ అడ్డు రాలేదు. సాత్త్వికానికి వాచికం దారి తీయడమంటే ఇదే.

నగర రంగమందిరంలో అదే సత్యభామ

రెండవ ప్రదర్శనలో నర్తకి శిక్షణ ఉన్నతమైనది. అరమండి, అడవులు, జతుల ముగింపు అన్నీ కొలిచినట్లు ఉన్నాయి. చూపుల్లో చాంచల్యం, మెడ కదలికలో అతిశయం సత్యభామకు తగినట్లే ఉన్నాయి. సంగీతమంతా ముందుగా ముద్రించి వినిపించినది. గాయని గొంతుకు నర్తకి పెదవులు కదిపింది. మాధవి పాత్ర లేదు. పేరు చెప్పలేని సిగ్గును ఒక్క చరణంలో ముద్రలతో సూచించి, కథను లేఖ దాకా నడిపించారు.

ఇక్కడ లోపం నర్తకిది కాదు. ఆమెకు ఎదురుమాట చెప్పేవారు లేరు. ఎదురుమాట లేనిచోట గర్వానికి దెబ్బ తగలదు. సత్యభామ తన అందాన్ని తానే చెప్పుకుని, తన విరహాన్ని తానే చూపుకుంటుంది. ముద్రించిన పాట ఒక్క క్షణం కూడా ఆగదు కనుక, పల్లె వేదిక మీది ఆ మౌనానికి ఇక్కడ చోటు లేదు. ప్రేక్షకులు నవ్వినా, దగ్గినా, లేచిపోయినా ప్రదర్శన ఒక్క తీరుగానే సాగుతుంది.

ఆహార్యం విషయంలోనూ ఈ మార్పు కనిపిస్తుంది. కలాపంలో జడ అలంకారం మాత్రమే కాదు, వాదవస్తువు. దాని మీద వేసిన నాగరం, చంద్రవంక, సూర్యవంక వంటి ఆభరణాలకు అర్థాలు చెప్పుకుంటూ సంభాషణ నడుస్తుంది. నేడు కుట్టించిన దుస్తులలో అరమండిలో విచ్చుకునే కుచ్చెళ్లకు ప్రాధాన్యం పెరిగింది. అవి రేఖాసౌందర్యాన్ని ఇనుమడింపజేస్తాయి, కదలికకు సౌకర్యమిస్తాయి. జడ మాత్రం మాట్లాడటం మానేసి, వేషంలో ఒక నగగా మిగిలిపోయింది.

పరిణామం – కారణాలు

ఈ మార్పును పతనమని ఒక్కమాటలో తేల్చడం చారిత్రక దృష్టి అనిపించుకోదు. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి ఏకపాత్ర ప్రదర్శనకు రూపమిచ్చి, స్త్రీలకు విద్య నేర్పడంతో కూచిపూడి మేళాల పరిధిని దాటింది. 1958లో కేంద్ర సంగీత నాటక అకాడెమి ఢిల్లీలో జరిపిన నృత్యగోష్ఠి, 1959లో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడెమి హైదరాబాదులో జరిపిన గోష్ఠి కూచిపూడి శాస్త్రీయతను చర్చకు తెచ్చాయి. ఆ వాతావరణంలో నాటకలక్షణాల కంటె నృత్యలక్షణాలను ముందుకు తెచ్చి చూపవలసిన ఒత్తిడి కళాకారుల మీద పడిందని ఊహించవచ్చు. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడెమి స్థాపించిన వెంపటి చినసత్యం నృత్యనాటకాలకు కొత్త శిల్పాన్ని ఇచ్చారు. ఇంద్రాణి రెహమాన్, యామినీ కృష్ణమూర్తి వంటి నర్తకీమణులు తెలుగు ఎరుగని దేశాలలో కూచిపూడికి గౌరవం తెచ్చారు. తెలుగు తెలియని సభలో గంటసేపు సంవాదం నడపడం సాధ్యం కాదు. కళ ప్రయాణించడానికి మాట బరువును తగ్గించుకుంది.

పాత పద్ధతిని ఆదర్శీకరించడమూ పొరపాటే. ఆ మేళాలు ఒక కులానికి చెందిన పురుషులకే పరిమితమయ్యాయి. ప్రతి మగబిడ్డ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్న కట్టుబాటు ఆ ఊరి స్త్రీలను వేదికకు దూరంగానే ఉంచింది. అదే కాలంలో కళావంతులైన స్త్రీలు భామాకలాపాన్ని, గొల్లకలాపాన్ని తమ సంప్రదాయంలో ఆడినా వారికి దక్కిన గుర్తింపు స్వల్పం. స్త్రీవేషధారణకూ కులాధిక్యానికీ ఉన్న సంబంధాన్ని హర్షిత కామత్ 2019లో వెలువరించిన పరిశోధన గ్రంథం విశదంగా చర్చించింది. కనుక వాచికం కావాలని కోరడం పురుషుల స్త్రీవేషమే తిరిగి రావాలని కోరడం కాదు. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామగా పొందిన కీర్తిలో స్త్రీవేష నైపుణ్యంతో పాటు పలుకుబడికీ పెద్ద వాటా ఉంది. ఆ పలుకుబడి ఒక లింగానికో కులానికో సొత్తు కాదు. కళావంతుల కలాపమే అందుకు నిదర్శనం.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు: కూచిపూడి నేడు ఎన్నడూ లేనంత వ్యాప్తిలో ఉంది కదా, దిగులెందుకు? 2010లో హైదరాబాదులో రెండు వేల మందికి పైగా, 2016లో విజయవాడలో ఆరు వేల మందికి పైగా నర్తకులు ఒకేసారి ఆడారు. అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లలకు మాతృభాషతో ఉన్న కొద్దిపాటి బంధాలలో ఈ నృత్యం ఒకటి. ఈ వ్యాప్తి సంతోషించదగినదే. అయితే వేలమంది ఏకకాలంలో చేయగలిగేది అడుగు, హస్తం. ఎదుటివారి మాటను బట్టి పుట్టే మాట ఇద్దరి మధ్యనే సాధ్యం. మొదటిది ఎంత పెరిగినా రెండవదానికి ప్రత్యామ్నాయం కాలేదు. పైగా ఆ పిల్లలకు తెలుగు మీద మమకారం కలిగించేది వాచికమే అయినప్పుడు, దానిని వదిలి మిగిలినదంతా నేర్పడం విచిత్రంగా తోస్తుంది.

సాహిత్య విద్యార్థి బాధ్యత

ఈ విషయంలో నృత్యగురువుల కంటె తెలుగు శాఖలకే ఎక్కువ బాధ్యత ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. మనం కలాపాన్ని ముద్రితపాఠంగా చదివాం, కర్తృత్వాన్ని గురించీ కాలాన్ని గురించీ వాదించాం, ఛందస్సు గుర్తించాం. ప్రదర్శనలో పుట్టే మాటను పాఠంలో భాగంగా లెక్కించలేదు. కృష్ణను గురించిన ఆ రెండు వాక్యాలు ఏ ప్రతిలోనూ కనిపించకపోవచ్చు. కానీ ఆ రాత్రికి భామాకలాపం అంటే అవే. సంప్రదాయ మేళాల ప్రదర్శనలను మొదటి నుంచి చివరి వరకు ధ్వనిముద్రించి, సూత్రధారుని చమత్కారాలు, ప్రేక్షకుల స్పందనలు సహా లిఖించి ప్రకటించడం మొదటి పని. ఒకే మేళం వేర్వేరు ఊళ్లలో ఒకే ఘట్టాన్ని ఎలా మార్చి పలికిందో పోల్చి చూడటం రెండవ పని. కూచిపూడిలోని శ్రీ సిద్ధేంద్రయోగి కళాపీఠం వంటి సంస్థల శిక్షణలో సంవాద రచన, ఆశు సంభాషణ ప్రత్యేక పాఠ్యాంశాలుగా బలపడేందుకు సాహిత్య అధ్యాపకులు తోడ్పడాలి. నృత్య విమర్శ రాసేవారు అడుగునూ హస్తాన్నీ పరిశీలించినంత శ్రద్ధతో ఉచ్చారణనూ విరామాన్నీ పరిశీలించాలి.

ముగింపు

కూచిపూడి కలాపంలో వాచికం సంగీతనృత్యాలకు తోడు వచ్చిన అంగం కాదనీ, పాత్ర మానసిక పరిణామం జరిగేది దానిలోనేననీ, ప్రదర్శన ఒక ఊరికీ ఒక రాత్రికీ చెందినదయ్యేది దాని వల్లనేననీ పై పరిశీలన వల్ల తేలుతున్నది. ఏకపాత్ర నృత్యం స్వతంత్ర కళారూపంగా గౌరవార్హమే. దానినే కలాపమని పిలిచి తృప్తి పడితే మాత్రం తెలుగువారు తమ భాషలో సాధించిన ఒక నాటకకళను గుర్తించకుండానే పోగొట్టుకుంటారు.

ఆ ప్రదర్శన మరునాటి ఉదయం పాలకాయతిప్ప తీరాన, టీ దుకాణం దగ్గర, తడిబట్టలతో నిలబడ్డ ఇద్దరు వృద్ధులు సత్యభామ చెప్పిన సమాధానాన్ని ఒకరికొకరు అప్పగించుకోవడం ఈ వ్యాసకర్త విన్నాడు. ఒకరు ‘కలవకుండా పోయినవాడు’ అన్నారు, రెండవవారు ‘కలవనివాడు’ అని సవరించారు. పాఠభేదం అప్పుడే మొదలయింది. దానిని నమోదు చేసుకోవలసిన పని మనది.