పచ్చిక మైదానం, కోసిన మడి

ఒక ఆటల పోటీ నిర్వహణలో పాలుపంచుకుని, ఆ పనిని ప్రాజెక్టుగా రాసిచ్చే వీలు ఇప్పుడు మన డిగ్రీ, ఎం.బి.ఎ. విద్యార్థులకు ఉంది. 2020-21లో ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ పాఠ్యప్రణాళిక మారినప్పుడు 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి అయింది. ఎన్.ఎస్.ఎస్.లో చేరినవాళ్ళకు ఏడాదికి 120 గంటల సేవ ఎలాగూ ఉంది. మేనేజ్‌మెంట్ చదివే పిల్లలకు ఇలాంటి సందర్భంలో గోల్ఫ్ టోర్నమెంట్ అంటే మోజు. స్పాన్సర్లు, కంపెనీల పెద్దలు, మెడలో బ్యాడ్జీ, చివర్న సర్టిఫికెట్. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల పిల్లలు మాత్రం ప్రతి సంక్రాంతికీ కబడ్డీ, వాలీబాల్, టెన్నిస్ బంతి క్రికెట్ పోటీలు సొంతంగా పెడుతూనే ఉంటారు, అది చదువుకు సంబంధించిన పని అని ఎప్పుడూ అనుకోరు. వాళ్ళ కాలేజీలూ అనుకోవు.

ఈ రెండు రకాల పోటీలనూ పక్కపక్కన పెట్టి చూడాలన్నది నా ప్రయత్నం. ఏది గొప్ప ఆట అన్న తగువు నాకు అక్కర్లేదు. పోటీని నడిపే విద్యార్థి చేతికి ఏది ఎంత పని ఇస్తుంది, ఏది ఎంత నేర్పుతుంది అన్నదే ప్రశ్న. నా మొగ్గు దాచుకోను: పండగ పోటీయే పెద్ద బడి. కానీ ఆ బడిలో లేని రెండు పాఠాలు గోల్ఫ్ దగ్గర ఉన్నాయి.

ముందు నేల సంగతి. 18 గుంతల గోల్ఫ్ కోర్సుకు నూరెకరాలకు పైగా కావాలి. మనకు దగ్గర్లో అలాంటిది విశాఖలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్. 1884 నాటిదిగా చెప్పుకునే ఈ క్లబ్బులో దేశవాళీ ప్రొఫెషనల్ టూర్ పోటీలు కూడా జరిగాయి. అలాంటిచోట వలంటీరుగా చేరిన విద్యార్థి వెళ్ళేసరికే గడ్డి కత్తిరించి ఉంటుంది, గుంతల్లో జెండాలు పాతి ఉంటాయి, ఎక్కడ నీళ్ళ సీసాలు పెట్టాలో కాగితం మీద రాసి ఉంటుంది. అతను చేసేది ఆ కాగితం ప్రకారం నడుచుకోవడం. పేర్లు నమోదు చేయడం, నలుగురేసి ఆటగాళ్ళను జట్లుగా వేయడం, స్కోరు కార్డులు అందించడం, సాయంత్రం వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడం. ఇవి పనికిమాలిన పనులు కావు. ఆటగాళ్ళంతా వేర్వేరు గుంతల దగ్గర సిద్ధంగా నిలబడి, ఒకే సమయానికి ఆట మొదలుపెట్టే పద్ధతి ఒకటుంది. దాన్ని షాట్‌గన్ స్టార్ట్ అంటారు. గుంతకొక జట్టు చొప్పున 72 మందిని ఒకేసారి దింపి, ఒకేసారి బయటికి తేవాలి. ఒక్క జట్టు తప్పుడు గుంతకు వెళ్తే వెనకున్న వాళ్ళందరి ఆటా ఆగిపోతుంది. సమయపాలన ఇంత గట్టిగా నేర్పే పని కుర్రాళ్ళకు మరోచోట దొరకడం కష్టం.

పల్లెలో నేల సిద్ధంగా ఉండదు. కోత అయిన వరిమడిని అడిగి తెచ్చుకోవాలి. ఆ అడగడం సంక్రాంతికి రెండు రోజుల ముందు కాదు. ఉత్తరాంధ్రలో వరి ఇంకా పొలంలో నిలబడి ఉండగానే, కోతకు కొద్ది రోజుల ముందు తడి మీద మినుములో పెసలో జల్లేస్తారు. ఒకసారి గింజ పడ్డాక ఆ మడిలో కోర్టు గీయడం ఉండదు. అందుకని కుర్రాళ్ళు ముందే రైతు దగ్గరికి వెళ్ళాలి. “ఈ మడొక్కటీ జల్లకుండా ఒగ్గేయండి మావా, పండగైపోయాక దుక్కి మేమే దున్నించి ఇస్తాం” అని ఒప్పించాలి. ఆ రైతుకు పోయే అపరాల పంట ఎంతో లెక్కగట్టి మాట్లాడాలి. తర్వాత మోళ్ళు చెక్కించాలి, గట్టు సరిచేయాలి, నీళ్ళు చల్లి రోలర్ తిప్పాలి, కబడ్డీ కోర్టుకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కొలిచి తాడు కట్టి సున్నం గీత వేయాలి. ఫ్లడ్‌లైట్లు పెట్టాలంటే స్తంభానికి కొక్కెం తగిలించకుండా విద్యుత్ ఆఫీసుకు వెళ్ళి తాత్కాలిక కనెక్షన్ అడగాలి. మైకు సెట్టుకు పోలీసు స్టేషన్‌లో అనుమతి తీసుకోవాలి. పంట, ఒప్పందం, కొలత, అర్జీ అన్నీ ఒక్క ప్రాజెక్టులో కలిసొచ్చే అవకాశం ఏ క్లబ్బూ ఇవ్వలేదు.

ఇంకొకటి కూడా ఉంది. మన రెండు జిల్లాల నుంచి హైదరాబాదుకు, విజయవాడకు, చెన్నైకి కూలి పనులకు, భవన నిర్మాణానికి వెళ్ళిన కుర్రాళ్ళు ఊరికి చేరేది ఆ నాలుగు రోజులే. భోగి నుంచి ముక్కనుమ దాకా ఊరి జట్టు మళ్ళీ ఊరి జట్టవుతుంది. పోటీ తేదీని నిర్ణయించేది వాళ్ళకు దొరికిన సెలవు, రైలు టికెట్టు. గోల్ఫ్ పోటీ చూడటానికి వచ్చేది ఆడేవాళ్ళు, వాళ్ళకు కావలసినవాళ్ళు. మడిలో పోటీకి ఊరంతా గట్టు మీద కూర్చుంటుంది. అంతమంది ముందు తప్పు జరిగితే సర్దిచెప్పుకోవలసిందీ ఆ విద్యార్థే, తెల్లారి అదే వీధిలో తిరగవలసిందీ అతనే.

ఇక నేను గోల్ఫ్‌కు పూర్తిగా తలవంచే చోటు, దాని మొదటి పాఠం. ఆ ఆటలో హ్యాండీక్యాప్ అనే ఏర్పాటుంది. ఆటగాడు ఇటీవల ఆడిన 20 ఆటల్లో మంచివి 8 తీసి, వాటి సగటు మీద అతని స్థాయిని నిర్ణయిస్తారు. 2020 నుంచి ప్రపంచమంతటికీ ఇదే లెక్క. పోటీలో అతను కొట్టిన మొత్తం దెబ్బల్లోంచి ఆ మేరకు తీసేసి, మిగిలినదాన్ని ఎదుటివాడి స్కోరుతో పోలుస్తారు. ఆరితేరినవాడూ నిన్నమొన్న మొదలుపెట్టినవాడూ ఒకే పోటీలో నిజాయితీగా తలపడవచ్చు. అరవై ఏళ్ళ తండ్రి, పదిహేనేళ్ళ కూతురు ఒకే జట్టులో నడుస్తూ ఒకరితో ఒకరు పోటీపడవచ్చు. హ్యాండీక్యాప్‌ను కావాలని పెంచుకుని గెలిచే మోసగాళ్ళు అక్కడా ఉంటారు. అయినా, బలం తక్కువైనవాడికి కూడా చివరి గుంతదాకా ఆశ మిగిల్చే ఏర్పాటది.

మన పండగ పోటీల్లో ఏం జరుగుతుంది? చీటీలు తీసి నాకౌట్ వేస్తారు. 16 జట్లొస్తే 15 మ్యాచ్‌లు, 8 జట్లు ఒక్క ఆటతోనే ఇంటికి. ఆటో కట్టించుకుని, ప్రవేశ రుసుం కట్టి, ముప్ఫై కిలోమీటర్ల నుంచి వచ్చిన జట్టు నలభై నిమిషాల్లో ఓడి, సాయంత్రం దాకా గట్టు మీద కూర్చుంటుంది. మొదటి బహుమతి భారీగా ఉంటే పేరున్న ఆటగాళ్ళను డబ్బిచ్చి తెచ్చుకునే జట్లొస్తాయి. అప్పుడు తగువు మొదలు. ‘ఊరి వాళ్ళే ఆడాలి, ఆధార్ కార్డు తప్పనిసరి’ అని ఫ్లెక్సీ మీద రాస్తున్నది ఆ తగువు పడలేకే. ఆ నిబంధన మంచిదే కానీ అది గేటు దగ్గరి కాపలా మాత్రమే. బలహీన జట్టుకు మరో ఆట ఇవ్వదు. నాలుగేసి జట్లతో లీగ్ వేయవచ్చు. మొదటి ఆట ఓడినవాళ్ళకు వేరే కప్పు పెట్టవచ్చు. గత ఏడాది ఫలితాలు రాసి ఉంచితే గట్టి జట్లను చీటీల్లో విడదీయవచ్చు. దీనికి కావలసింది ఒక నోటు పుస్తకం. గోల్ఫ్ హ్యాండీక్యాప్ వెనక ఉన్నదీ అంతే, ఏళ్ళ తరబడి రాసిపెట్టిన అంకెలు. మన ఊళ్ళల్లో ఇరవై ఏళ్ళుగా పోటీలు జరుగుతున్నా, ఏ ఏడు ఎవరు గెలిచారో చెప్పే కాగితం దొరకదు.

రెండో పాఠం సంతకం. గోల్ఫ్‌లో ప్రతి ఆటగాడి వెంటా అంపైరు నడవడు. ఒకరి స్కోరు మరొకరు రాస్తారు, ఆట అయ్యాక ఇద్దరూ కార్డు మీద సంతకం పెడతారు. ఏదైనా గుంతలో నిజంగా కొట్టినదానికన్నా తక్కువ వేసి సంతకం పెడితే పోటీ నుంచి తొలగిస్తారు. ఎక్కువ వేసి సంతకం పెడితే ఆ ఎక్కువే ఖాయం. 1968 మాస్టర్స్‌లో అర్జెంటీనా ఆటగాడు రాబర్తో దె విసెంజో 17వ గుంతలో మూడు దెబ్బలకే ముగించాడు. కార్డు రాసిన టామీ ఆరన్ నాలుగు వేశాడు. దె విసెంజో చూసుకోకుండా సంతకం పెట్టాడు. ఆ ఒక్క అంకెతో బాబ్ గోల్బీతో సమానంగా నిలిచి తేల్చుకునే అవకాశం పోయింది, కప్పు గోల్బీది అయింది. 1925 యు.ఎస్. ఓపెన్‌లో బాబీ జోన్స్ ఎవరూ చూడని చోట తన బంతి కదిలిందని తానే చెప్పి ఒక దెబ్బ అదనంగా వేయించుకుని, చివరికి ప్లేఆఫ్‌లో ఓడాడు. స్కోరు బల్ల దగ్గర కూర్చున్న విద్యార్థి ఈ సంప్రదాయాన్ని దగ్గర్నుంచి చూస్తాడు. చెమట పట్టిన చేత్తో ఆటగాడు ఒక్కో గుంత అంకె మీదా వేలు పెట్టి చదువుకుని, ఆ తర్వాతే పెన్ను అందుకుంటాడు.

కబడ్డీ కోర్టులో కాలు గీత దాటిందా లేదా అన్నదాని మీద అరగంట ఆట ఆగడం మనమంతా చూశాం. అంపైరు ఏ ఊరివాడన్న ప్రశ్న రాకుండా ఉండదు. ప్రతి మ్యాచ్ అయ్యాక ఇద్దరు కెప్టెన్లూ, అంపైరూ స్కోరు పుస్తకంలో సంతకాలు పెట్టాలన్న ఒక్క నియమం చాలా గొడవలను మొదట్లోనే ఆపుతుంది.

డబ్బు దగ్గర రెండు పోటీలూ దాదాపు ఒకటే. అక్కడ స్పాన్సరు బోర్డు, ఇక్కడ మైకులో దాత పేరు. ఇచ్చినవాడు అతిథిగా కూర్చోవడంలో తప్పులేదు, ఆటను తన చేతుల్లోకి తీసుకోవడమే తప్పు. ఈ సంగతి విజయనగరానికి వేరే చెప్పక్కర్లేదు. విజయనగరం రాజకుమారుడు విజ్జీ క్రికెట్ కోసం సొంత డబ్బు ధారపోశాడు, హాబ్స్, సట్‌క్లిఫ్‌లంతటి వాళ్ళను మన దేశానికి రప్పించి ఆడించాడు. అదే పలుకుబడితో 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత జట్టుకు కెప్టెన్ అయ్యాడు. మూడు టెస్టుల్లో చేసినవి 33 పరుగులు. జట్టులోని మేటి ఆటగాడు లాలా అమర్‌నాథ్‌ను టెస్టులు మొదలుకాకముందే ఇంటికి పంపేశారు. చందా పుస్తకం పట్టుకుని తిరిగే ప్రతి విద్యార్థికీ ఈ చరిత్ర తెలిసి ఉండాలి.

పండగ పోటీ మీద నా అసలు ఫిర్యాదు ఆడపిల్లల గురించి. అబ్బాయిలకు కబడ్డీ, అమ్మాయిలకు ముగ్గుల పోటీ. ఈ పంపకం ఇంకా చాలా ఊళ్ళల్లో సాగుతోంది. ముగ్గుల పోటీని నేను చిన్నచూపు చూడటం లేదు, దానితోనే సరిపెట్టడం అన్యాయం అంటున్నాను. అందులోనూ ఏ నేల మీద? ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయిన నేల ఇది. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడలో ఇంటింటా వెయిట్‌లిఫ్టర్లున్నారని పేరు. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో రజతం తెచ్చింది. సంగిడి రాయి ఎత్తే పోటీలు జాతరల్లో ఇప్పటికీ జరిగే ప్రాంతం, మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన ప్రాంతం మనది. బరువుల విభాగాలు అలవాటైన మనకు సమానమైన వాళ్ళ మధ్య పోటీ అంటే ఏమిటో కొత్తగా నేర్పక్కర్లేదు. అయినా పండగ మైదానంలో అమ్మాయిల మ్యాచ్‌కు గంట దొరకదు.

గోల్ఫ్‌కూ దాని మచ్చ ఉంది. సంచి మోసే క్యాడీ ఆ నేలలోని ప్రతి వాలునూ ఎరుగును, బంతి ఎటు దొర్లుతుందో ముందే చెప్పగలడు. అంత తెలిసీ, పోటీ రోజున అతని పేరు ఏ జాబితాలోనూ ఉండదు. ఆ రోజు వలంటీరుగా వెళ్ళిన విద్యార్థి తన నివేదికలో స్పాన్సర్ల లోగోలకు కేటాయించిన పేజీల్లో ఒకటి క్యాడీల పనివేళలకు, వాళ్ళ కూలికి కేటాయిస్తే ఆ ప్రాజెక్టు విలువ పెరుగుతుంది.

అందుచేత మన రెండు జిల్లాల అధ్యాపకులకు నా విన్నపం ఇది. గోల్ఫ్ పోటీకి వెళ్ళే అవకాశం వచ్చిన పిల్లలను తప్పక పంపండి, హ్యాండీక్యాప్ పట్టికనూ స్కోరు బల్లనూ చూసి రమ్మనండి. కానీ సంక్రాంతికి ఊళ్ళో పోటీ పెట్టే విద్యార్థికి కూడా ప్రాజెక్టు మార్కులివ్వండి. బదులుగా నాలుగు కాగితాలు అడగండి: రైతుతో రాసుకున్న ఒప్పందం, దాతల పేర్లతో జమాఖర్చు, ఇద్దరు కెప్టెన్లూ సంతకం పెట్టిన స్కోరు పుస్తకం, అమ్మాయిల మ్యాచ్ జరిగినట్టు చూపే కార్యక్రమ పత్రం. మినుములు జల్లకముందే, అంటే కోతలకు ముందే, పిల్లలకు ఈ మాట చెప్పండి.