ప్రభకు వెనకవైపు

కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళినవాళ్ళంతా ప్రభను ముందునుంచే చూస్తారు. మహాశివరాత్రి పొద్దుగూకాక కొండ కింద మైదానంలో 80, 90 అడుగుల ఎత్తున రంగులు మార్చుకుంటూ నిలబడ్డ విద్యుత్ ప్రభల ఎదుట మెడ వెనక్కి వాల్చితే ఇక అక్కణ్ణుంచి కదలబుద్ధి కాదు. అయినా ఒక్కసారి కదిలి, తాళ్ళు కాళ్ళకు తగలకుండా చూసుకుంటూ వెనక్కి వెళ్ళాలి. అక్కడ రంగులుండవు. సరుగుడు బాదులు, వెదురు బద్దలు, మోకులు, కట్టలు కట్టలుగా దిగిన తీగలు, పక్కన రొద పెడుతున్న జనరేటర్. అసలు పనితనమంతా అక్కడే ఉంది.

పల్నాడు జిల్లాలో నరసరావుపేటకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది ఈ కొండ. ఎటు నుంచి చూసినా మూడు శిఖరాలు కనిపిస్తాయంటారు, అందుకే దేవుడు త్రికోటేశ్వరుడు. ఊళ్ళవాళ్ళ నోట మాత్రం కోటయ్యే. ‘చేదుకో కోటయ్యా’ అని పిలుస్తూ కొండెక్కుతారు. కోటిన్నొక్క ప్రభ కట్టుకొస్తే స్వామి కొండ దిగి వస్తాడని ఈ ప్రాంతపు నమ్మకం. ఆ లెక్క ఎప్పటికి తేలుతుందో గానీ, చిలకలూరిపేట పక్క పురుషోత్తమపట్నం, కావూరు లాంటి ఊళ్ళు ఏటా ఈ పని మానవు. పోయినేడు పక్క ఊరిది మనకంటే నాలుగడుగులు ఎక్కువుందన్న మాట చాలు, ఈ ఏటి చందాలు లేవడానికి.

ప్రభలు మనకు ఒక్కచోటే లేవు. కోనసీమలో కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్రం నడిపిన శకటం ఆ తీర్థానిదే. అక్కడి ప్రభను మనుషులు భుజాల మీద మోస్తారు, వరిచేలకు అడ్డంపడి నడుస్తారు, కౌశిక కాలువలో దిగి అవతలికి దాటిస్తారు. భుజం మోయగలిగినంతే దాని ఎత్తు. కోటప్పకొండ ప్రభ బండెక్కింది. బండెక్కాక భుజం పెట్టిన హద్దు పోయింది. ఎద్దులు లాగినన్నాళ్ళు ఎద్దుల బలం ఒక హద్దు, ట్రాక్టర్లు వచ్చాక అదీ పోయింది. ఇప్పుడు దీన్ని ఆపేవి రెండే: గాలి, మలుపు.

ఒకేచోట నిలిచే దీపాలంకారం ఎంత పెద్దదైనా దాని బాధ్యత తేలిక. గుడి గోపురానికి బల్బులు చుడితే గోపురమే వాటిని మోస్తుంది. ప్రభ తనను తానే మోసుకోవాలి, పైగా ప్రయాణం చెయ్యాలి. సొంత ఊళ్ళో లేచి, గుంతల రోడ్డు మీద కిలోమీటర్ల కొద్దీ నడిచి, కొండ కింద నిలబడి, మళ్ళీ అదే దారిన ఇంటికి చేరాలి. దాని ఒంట్లోని ప్రతి కర్రా ఆ నడక కోసం పెట్టిందే. ఇది తెలిశాక బల్బుల సంగతి కాసేపు మరిచిపోతాం.

అడుగున బలమైన బండి. పూర్వం చెక్క ఇరుసు, ఇప్పుడు ఎక్కువగా ఇనుపది. దాని మీద నిలువు బాదులు. ఒక్క బాదు అంత ఎత్తు రాదు కాబట్టి ఒకదాని మీద ఒకటి అతుకు వెయ్యాలి. ఆ అతుకే మొదటి పరీక్ష. రెండు బాదుల్ని మొనకు మొన ఆనిస్తే పనికిరాదు. చాలా పొడవున పక్కపక్కన చేర్చి, రెండు మూడు చోట్ల బిగించాలి. పక్కపక్క నిలువుల్లో అతుకులు ఒకే ఎత్తులో పడకూడదు, పడితే ప్రభ అక్కడ నడుం విరుచుకుంటుంది. నిలువుల మీద అడ్డబద్దలు, వాటి మధ్య ఏటవాలు కట్లు. నిలువు, అడ్డం ఎంత గట్టిగా బిగించినా చట్రం పక్కకు ఒరిగిపోగలదు, ఏటవాలు కర్ర పడి చదరం త్రిభుజాలుగా విడిపోయాకే అది నిలకడకొస్తుంది. కాలేజీలో ఇంజనీరింగు పిల్లలకు బోర్డు మీద చెప్పే పాఠం ఇది. ఇక్కడ దాన్ని నిచ్చెన మెట్టు మీద నిలబడి, నోట్లో పురికొస పట్టుకుని చేస్తారు.

ఇనుప బోల్టులు చేరినా తాడు కట్టు పోలేదు, పోకపోవడానికి కారణముంది. బోల్టు కర్రకు చిల్లు పెడుతుంది, చిల్లున్న చోట కర్ర బలహీనం. పైగా బండి గుంతలో పడినప్పుడల్లా ఆ కుదుపు నేరుగా బోల్టు అంచు మీద పడి కర్రను చీలుస్తుంది. తాడు వెంట్రుకవాసి సాగి ఆ కుదుపును మింగుతుంది. ప్రభ కదిలేటప్పుడు వినిపించే కిర్రుకిర్రు చూసేవాళ్ళకు భయం, కట్టినవాళ్ళకు ధైర్యం. ఏ చప్పుడూ లేకుండా బిగుసుకుపోయిన ప్రభనే వాళ్ళు అనుమానంగా చూడాలి.

గాలి సంగతి మరీ ముఖ్యం. గాలి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగు రెట్లవుతుంది. 80 అడుగుల ఎత్తున గుడ్డ కప్పిన పలక నిలబెడితే అది ప్రభ కాదు, తెరచాప. విద్యుత్ ప్రభకు ఇక్కడ ఒక మేలు కలిసొచ్చింది. బల్బుకు గుడ్డ అక్కర్లేదు, తగిలించుకోవడానికి ఒక బద్ద చాలు. కాబట్టి ముఖమంతా సందులున్న అల్లికగా ఉంచి గాలిని దాటిపోనివ్వవచ్చు. పగలు చూస్తే ప్రభ వెనకనుంచి ఆకాశం ముక్కలు ముక్కలుగా కనబడుతుంది. కరెంటు వచ్చాక ప్రభలు ఇంత పెరగడానికి వెలుగు ఎంత కారణమో ఈ సందులూ అంతే కారణమని నా అభిప్రాయం.

ఇక మోకులు. పై భాగం నుంచి నాలుగు దిక్కులకూ దిగిన మోకుల్ని మనుషులు పట్టుకుని ప్రభతోపాటు నడుస్తారు. తిరునాళ్ళలో అందరికంటే కష్టమైన ఉద్యోగం వీళ్ళదే, ఎవరూ వీళ్ళ ఫొటో తీయరు. ట్రాక్టరు ముందుకు లాగగానే బండి కదులుతుంది గానీ కొన వెంటనే కదలదు, వెనక్కి వాలుతుంది. ఆ క్షణంలో ముందు మోకు బిగవాలి. ఆగినప్పుడు దీనికి తలకిందులు: బండి ఆగుతుంది, కొన ముందుకు తూలుతుంది, వెనక మోకు పట్టాలి. ఈల విని ఈ రెండూ మార్చడం కాదు, ఈల కంటే ముందే తాడులో తేడా చేతికి తెలియాలి. మోకు పట్టినవాడు ఎంత దూరంగా నిలబడితే అంత మేలు. ప్రభకు దగ్గరైతే తాడు నిటారుగా లేస్తుంది, వాడి బలమంతా ప్రభను కిందికి లాగడానికే పోతుంది, పక్కకు ఆపడానికి మిగలదు. అందుకే పెద్ద రోడ్డు కంటే ఊరి వీధి ప్రమాదం. అక్కడ దూరం జరగడానికి చోటుండదు, ఇళ్ళ గోడలు అడ్డం. మలుపులో అయితే బయటి వైపు మోకువాళ్ళు పరుగెత్తాలి, లోపలివాళ్ళు నిలబడిపోవాలి. కరెంటు తీగలు అడ్డమొచ్చిన చోట విద్యుత్ శాఖవాళ్ళు లైన్ క్లియర్ తీసుకుని సరఫరా ఆపుతారు. వెలుగుల ప్రభ వస్తోందని దారి పొడవునా ఊళ్ళు చీకట్లో కూర్చుంటాయి.

ఇప్పుడు ముందువైపుకు రావచ్చు.

ఎల్‌ఈడీలు రాకముందు ప్రభ నిండా చిన్న సీరియల్ బల్బులే. 6 వోల్టుల బల్బును 230 వోల్టుల కరెంటుకు నేరుగా తగిలిస్తే మాడిపోతుంది. సుమారు 38 బల్బుల్ని వరసగా ఒకదానికొకటి కలిపితే తలా ఆరు పంచుకుని వెలుగుతాయి. వరసలో ఒక్కటి పోతే 38 ఆరిపోతాయి, ఎక్కడ పోయిందో వెతకాలంటే ఒక్కొక్కటీ తడమాలి. అరవై అడుగుల పైన, రాత్రిపూట, జనం చూస్తుండగా. చెయ్యి తిరిగిన పనివాడు దీనికి ముందే విరుగుడు ఆలోచిస్తాడు. శివుడి జటాజూటం గీతను ఒకే సెట్టుతో గీయడు. రెండు సెట్లను ఒక బల్బు ఇది, ఒక బల్బు అది చొప్పున కలిపి పరుస్తాడు. ఒకటి ఆరిపోతే గీత పలచబడుతుందే తప్ప దేవుడికి జుట్టు పోదు.

కదలిక తెప్పించడం ఇంకో విద్య. చక్రం తిరిగినట్టు, నెమలి పురి విప్పినట్టు, గంగ జారినట్టు కనిపించేవన్నీ కదలని బల్బులే, వంతులవారీగా వెలిగి ఆరడమే. ఇందులో ఒక చిన్న మెలిక ఉంది. చక్రం ఆకుల్ని రెండు వంతులుగా విడగొడితే చక్రం తిరగదు. కుడికి పోతోందో ఎడమకు పోతోందో కంటికి తేలదు, మినుకుమినుకుమంటుంది అంతే. కనీసం మూడు వంతులుండాలి: ఒకటి, రెండు, మూడు, మళ్ళీ ఒకటి. అప్పుడే కన్ను దిక్కును పట్టుకుంటుంది. ఇప్పుడీ వంతులు చూసుకోవడానికి అరచేతిలో పట్టే ఎలక్ట్రానిక్ కంట్రోలరు ఉంది. అంతకుముందు మోటారుతో తిరిగే చెక్క రోలరు ఉండేది. దాని చుట్టూ కొలత ప్రకారం రాగి రేకులు అంటిస్తారు, పైనుంచి తాకుతున్న పట్టీలకు రేకు తగిలితే వెలుగు, చెక్క తగిలితే చీకటి. బొమ్మ ఎలా ఆడాలో ఆ రేకుల కత్తిరింపులోనే రాసి ఉంటుంది. కొత్త ఆట కావాలంటే కొత్త రేకు కత్తిరించాలి.

ఈ విద్యకు దేశంలో పెద్ద బడి పశ్చిమ బెంగాల్‌లోని చందన్‌నగర్. ఒకప్పుడు మన యానాంతోపాటు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న ఊరు అది. అక్కడ జగద్ధాత్రి పూజకు లారీల మీద దీపాల పలకలు రాత్రంతా ఊరేగుతాయి. ఆ ఊరి దీపాల పనికి పేరు తెచ్చిన శ్రీధర్ దాస్ దగ్గర పని నేర్చినవాళ్ళు ఎందరో. బొమ్మల సొగసులో, నడిపించే కథల్లో చందన్‌నగర్‌దే పైచేయి, ఒప్పుకోవాల్సిందే. కానీ వాళ్ళ పలక లారీ మీద కూర్చుని పోతుంది. మన ప్రభ నిలబడి పోతుంది.

దూరం లెక్క కూడా చూడండి. మూడంగుళాల ఎడంతో పెట్టిన బల్బులు మనిషి కంటికి విడివిడిగా కాక ఒకే గీతగా కలవాలంటే దాదాపు పావు కిలోమీటరు దూరం కావాలి. ప్రభ కాళ్ళ దగ్గర నిలబడి ఫోన్లు పైకెత్తేవాళ్ళకు చుక్కలే దొరుకుతాయి. బొమ్మ గీసినవాడు ఆ దూరాన్ని మనసులో పెట్టుకునే నేల మీద గీస్తాడు. కింద నుంచి చూసే కంటికి పైభాగం కుంగి కనబడుతుంది కాబట్టి దేవుడి ముఖాన్ని ఉండాల్సినదానికంటే పొడుగ్గా సాగదీయడం కూడా ఈ పనిలో భాగమే. నేల మీద పరిచి ఉన్నప్పుడు వికారంగా ఉన్న ముఖం లేచి నిలబడ్డాక సరిపోతుంది.

ఎల్‌ఈడీ వచ్చాక పని తేలికైందనడంలో సందేహం లేదు. వేడెక్కిన ఫిలమెంటు కుదుపుకు తెగుతుంది, ఎల్‌ఈడీలో తెగడానికి ఫిలమెంటే లేదు. వెలుగుతూనే ప్రయాణించే ప్రభకు ఇంతకంటే ఏం కావాలి? కరెంటూ తక్కువే, చిన్న జనరేటర్ సరిపోతుంది. కానీ నెమలి చెడింది. పాత బల్బు ఎర్రబడి, పసుపై, వెలిగి, అలాగే మెల్లగా ఆరేది. ఒక ఈక ఆరకముందే పక్క ఈక అందుకునేది, పురి నిజంగా విచ్చుకున్నట్టుండేది. ఎల్‌ఈడీ ఠక్కున వెలిగి ఠక్కున ఆరుతుంది. మంచి కంట్రోలరుతో ఆ మెత్తదనాన్ని తెప్పించవచ్చు, అడిగేవాళ్ళు కావాలి. చందాల డబ్బు మాత్రం డీజేకు పోతోంది. ప్రభ మొదట్లో వేదిక కట్టి, గుండెలదిరే పాటకు స్టెప్పులు వేయించడం నాకు నచ్చదు. శివుడి పక్కన రాజకీయ నాయకుల ముఖాలు వెలిగించడమూ నచ్చదు. నాయకుడి ముఖం బల్బుల్లో పోలిక కుదరడం కష్టం, మీసం ఒక్కటే గుర్తుపట్టేలా వస్తుంది.

పిల్లలతో వెళ్ళేవాళ్ళకు ఒక మాట. శివరాత్రి నాడు నరసరావుపేట, చిలకలూరిపేటల నుంచి ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడుపుతుంది. రాత్రికి చేరదామనుకుంటే దారిలోనే జాగరణ అయిపోతుంది. మధ్యాహ్నానికల్లా కొండ కింద ఉండండి. పైకి మెట్లున్నాయి, ఘాట్ రోడ్డూ ఉంది. దర్శనం, రంగులరాట్నం, జీళ్ళు, ఖర్జూరం ఎలాగూ తప్పవు. వాటి మధ్య ఒక గంట మిగుల్చుకుని, వెలుతురుండగానే ఒక ప్రభ చుట్టూ తిరిగి రండి. కర్ర మీద కర్ర ఎక్కడ అతికిందో పిల్లల్ని వెతకమనండి. వీలైతే శివరాత్రికి వారం పది రోజుల ముందు ప్రభ కట్టే ఊరికే వెళ్ళండి, అది ఇంకా నేల మీద ఉంటుంది. బల్బుల గురించి అడిగితే సెట్టు ఎంతకు తెచ్చిందీ చెబుతారు. అతుకు గురించి అడిగితే చేతిలో పని ఆపి, ఒక పెద్దాయన తాడు ముక్క తీసుకుని మళ్ళీ మొదటినుంచి కట్టి చూపిస్తాడు. తొందర పెట్టకండి, మూడో చుట్టు దగ్గరే అసలు సంగతి ఉంటుంది.