గోరంత ముక్క, వెంట్రుక కన్నా సన్నని కోత

మా హుజూరాబాద్‌లో పెద్ద జబ్బేదో అనుమానం వచ్చిన ప్రతి ఇంట్లో ఒక మాట వినబడుతుంది: "ముక్క తీసి పంపిండ్రు, రిపోర్టు రావాలె." ఆ ముక్క కరీంనగర్‌కో వరంగల్‌కో, లేదంటే హైదరాబాద్‌కో పోతుంది. వారం దినాలు ఇంటిల్లిపాదికీ అన్నం సయించదు. ఆ వారంలో ముక్క మీద ఎవరి చేతులు పడ్డాయో మాత్రం ఎవరూ అడగరు. నేను అడిగాను, ల్యాబుకు వెళ్లి చూశాను. చూసిన నాటి నుంచి కనబడ్డ ప్రతివాళ్లకూ ఆ పనితనం గురించే చెబుతున్నాను.

శరీరం నుంచి విడివడగానే మాంసం తనలో తాను కరగడం మొదలుపెడుతుంది. ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టేది పది శాతం ఫార్మలిన్. 1890లలో జర్మనీలో బ్లూమ్ అనే ఆయన ఫార్మలిన్‌తో పనిచేస్తుంటే తన వేళ్ల చర్మమే గట్టిపడిందట, అలా దీని గుణం బయటపడిందని చెబుతారు. ముక్కకు పదింతలైనా ద్రావణం ఉండాలి. ఆ తరువాత డెబ్బై శాతం, తొంభై శాతం, నూరు శాతం ఆల్కహాల్‌లో వరుసగా ముంచి లోపలి నీటిని మెల్లగా లాగేస్తారు. తొందరపడి మొదటే గాఢమైన దాంట్లో వేస్తే ముక్క ముడుచుకుపోతుంది. జైలీన్‌లో అది గాజులా తేటపడుతుంది. చివరికి అరవై డిగ్రీల దగ్గర కరిగిన పారఫిన్ మైనం దాని ప్రతి సందులోకీ దిగి గడ్డకడుతుంది. దాన్ని బ్లాక్ అంటారు.

అసలు విద్య పొరలు కోసే యంత్రం, మైక్రోటోమ్ దగ్గర ఉంది. నేను చూసిన సీనియర్ టెక్నీషియన్ బ్లాకును మంచు మీద చల్లబరిచి, బిగించి, కుడిచేత్తో చక్రం తిప్పాడు. మూడు నాలుగు మైక్రాన్ల కోత అది. మన తల వెంట్రుక మందంలో అలాంటివి పదిహేను ఇముడుతాయి. ఒక పొర అంచు ఇంకో పొర అంచుకు అంటుకుంటూ రిబ్బన్‌లా సాగి వస్తుంది. మధ్యలో ఒకసారి రిబ్బన్ మొరాయించింది. ఆయన బ్లాకు మీద వెచ్చగా ఊపిరి ఊదాడు, అంతే, మళ్లీ సాగింది. సకినాలు చుట్టే మా అమ్మ చేతికి పిండి పదును తెలిసినట్టు ఆయన చేతికి మైనం పదును తెలుసు. ఆ రిబ్బన్‌ను కుంచెతో ఎత్తి గోరువెచ్చని నీటి మీద పరిస్తే ముడతలు వాటంతటవే విప్పుకున్నాయి. గాజు పలకను నీళ్లలోకి ఏటవాలుగా దించి పైకి లేపాడు. పొర చిరగలేదు, మడత పడలేదు. నేను ఊపిరి బిగబట్టి చూశాను.

ఇక అద్దకం. హెమటాక్సిలిన్‌ను మెక్సికో వైపు పెరిగే ఒక చెట్టు చేవ నుంచి తీస్తారు, ఒకప్పుడు బట్టలకు అద్దేవారు. అందులో ముంచి నీళ్లధార కింద పెడితే ఎరుపు నీలంగా తిరుగుతుంది, కణకేంద్రాలు నీలంగా తేలుతాయి. ఇయోసిన్‌తో మిగిలినదంతా గులాబీ రంగెక్కుతుంది. ఇప్పుడు ఎన్ని ఖరీదైన పరీక్షలు వచ్చినా నా ఓటు ఈ నీలం, గులాబీ జోడీకే. దీన్ని చదవలేని కంటికి ఏ కొత్త పరీక్షా దారి చూపదు.

కరీంనగర్ వెండి తీగ పని చూసి మురిసిపోయే మనం గోల్జీ వెండి పని కూడా చూడాలి. 1873లో ఇటలీలో కామిల్లో గోల్జీ మెదడు ముక్కను వెండి నైట్రేట్‌తో నల్లబరిచాడు. వేల నరాల కణాల్లో ఏ కొన్నో మాత్రమే, కొమ్మలూ రెమ్మలతో సహా, నల్ల తీగల్లా నిలిచాయి. స్పెయిన్ దేశపు కహాల్ ఆ తీగలను చేత్తో గీసి ప్రపంచానికి చూపించాడు. ఇద్దరికీ కలిపి 1906లో నోబెల్ ఇచ్చారు. అన్నీ నల్లబడితే ఏదీ కనబడేది కాదు, కొన్నే నల్లబడటం ఆ పద్ధతిలోని గొప్ప.

మన గడ్డ మీదా ఘనత ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రోనాల్డ్ రాస్ ఒక దోమ పొట్టను కోసి, దాని గోడలో నల్లని రంగు రేణువులున్న గుండ్రటి కణాలను చూశాడు. మలేరియా గుట్టు అక్కడే విడింది. చెమటకు మరలు తుప్పుపట్టి, కంటి అద్దం పగిలిన మైక్రోస్కోపు ఆయనది! హుసేన్ ఖాన్ అనే రోగి తనను కుట్టిన ఒక్కో దోమకు అణా చొప్పున తీసుకున్నాడు. ఆ అణాలూ ఈ చరిత్రలో భాగమే. 1957లో డి.జె.రెడ్డి, వి.కె.రావు కోస్తాలో అడ్డపొగ తాగేవారి అంగిలి క్యాన్సర్ గురించి రాశారు. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అలవాటు నోటి పైభాగాన్ని ఏం చేస్తుందో వారు వివరించారు.

ఇంత విద్యను ఇప్పుడు ఎలా చూస్తున్నామో తలచుకుంటే కడుపు మండుతుంది. మా మేనత్త రొమ్ములో గడ్డ ముక్కను ఒకచోట సెలైన్ సీసాలో వేసి పంపారు. ఉప్పునీళ్లు మాంసాన్ని నిలబెట్టవు. రెండు రోజులకు చేరేసరికి అది చదవడానికి పనికిరాకుండా పోయింది. ఆమెను మళ్లీ కోయాల్సి వచ్చింది. ఎవరి నిర్లక్ష్యానికి ఎవరి ఒంటి మీద కత్తి! చవక రిపోర్టుల పోటీలో మందపు కోతలు, కత్తి గీతలు పడ్డ పొరలు, గాజు కింద గాలి బుడగలు, రోజుల తరబడి మార్చని రంగులు. ఒక కణం మీద ఇంకో కణం కూర్చున్న అలాంటి మందపు స్లైడును డాక్టరు ఎంత మేధావైనా ఏం చదువుతాడు?

పనిమంతులను తయారుచేయడమూ మానేశాం. మొద్దుబారిన ఉక్కు కత్తిని రాతి మీద నూరి, తోలు మీద సానబట్టిన పాతతరం వెళ్లిపోయింది. వాడి పారేసే బ్లేడు మంచిదే, కానీ ఓర్పు బ్లేడుతో పాటు ప్యాకెట్‌లో రాదు. కొత్తగా చేరిన పిల్లలను నెల తిరగకముందే వందల బ్లాకుల ముందు కూర్చోబెడుతున్నారు. మెడికల్ కాలేజీలు కట్టడం సంతోషమే. ఒక్కో కాలేజీలో ఒక్క నిపుణుడి పక్కన ఇద్దరు పిల్లలను రెండేళ్లు కుదురుగా కూర్చోనివ్వండి. రిపోర్టు కింద డాక్టరు సంతకం పక్కన ఆ కోత కోసిన మనిషి పేరు కూడా అచ్చువేయండి.

మీ ఇంటి నుంచి ముక్క వెళ్లే రోజు వస్తే మొహమాటపడకండి. సీసాలో పోసింది ఫార్మలినేనా, ముక్క అందులో పూర్తిగా మునిగిందా, సీసా మీద పేరు రాశారా అని నర్సమ్మను అడిగి, చూసి మరీ పంపండి.