మోసేవాళ్లు లేని మూట

సీ. ఎలిగాన్స్ పురుగు పొడవు మిల్లీమీటరు. గాజు పలక మీద చిన్న బొట్టులో దాన్ని పెట్టి, సూదిమొనతో నడిమికి తెంపితే పిండాలు బయటికొస్తాయి. ఒక్కోటీ మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. సన్నటి గాజు గొట్టంతో పీల్చి, అగరోజ్ పొర మీదికి దించి, కవర్‌స్లిప్ కప్పాలి. కాస్త గట్టిగా ఆనిందా, పిండం నలిగిపోతుంది. ఈ పనికి చెయ్యి కుదరడమే సగం విద్య.

ఏకకణ పిండంలో మొదట రెండు కొసలూ ఒకటిగానే ఉంటాయి. శుక్రకణం తెచ్చిన సెంట్రోసోమ్ ఒక కొసకు చేరగానే అక్కడి పైపొర బిగువు సడలుతుంది. ఆ పొర అవతలి కొసవైపు జరుగుతూ పార్-3, పార్-6 ప్రొటీన్లను లాక్కుపోతుంది. ఖాళీ అయిన చోట పార్-1, పార్-2 చేరతాయి. అదే వెనకభాగం. కెంఫ్యూస్ బృందం 1988లో పార్ జన్యువులను గుర్తించింది. వాటిలో చాలావరకు పాడైతే మొదటి విభజనలో రెండు పిల్లకణాలూ సమానంగా వస్తాయి. పిండానికి ఆ సమానత్వమే చావు.

నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరనివి కణంలోని పీ గ్రాన్యూల్స్ అనే రేణువులు. మెరిసే ప్రొటీన్ తగిలిస్తే మొదట పిండమంతా చుక్కలే. విభజన వేళకు వెనకవైపే మిగులుతాయి. ఎవరో మోసుకెళ్లారనిపిస్తుంది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో బ్రాంగ్విన్, హైమన్ బృందం 2009లో చూపింది వేరు: ముందున్నవి కరిగిపోతున్నాయి, వెనక కొత్తవి పేరుకుంటున్నాయి. చారు మీది నూనె బొట్లలా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి కూడా.

మెక్స్-5 అనే ప్రొటీన్ తీరు ఇంకా చిత్రం. దాన్నీ ఎవరూ ముందుకు నెట్టరు. వెనక పార్-1 తగిలించే ఫాస్ఫేటు వల్ల అక్కడ చురుగ్గా తిరుగుతుంది, ముందు నిదానిస్తుంది. నిదానించిన చోటే పోగుపడుతుంది. ముందువైపు పీ గ్రాన్యూల్స్‌ను నిలవనియ్యనిదీ అదే. స్థిర చిత్రాలు ఎన్ని చూసినా ఇది తెలియదు, కదిలే బొమ్మ కావాల్సిందే.

జువాలజీ మేష్టార్లకు ఒక మనవి. మెరిసే ప్రొటీన్‌కు ఖరీదైన మైక్రోస్కోపు కావాలి గానీ, పెద్దదొకటి చిన్నదొకటిగా చీలే ఆ మొదటి విభజనకు కాలేజీలోని మామూలుది చాలు. ఉల్లివేరు కొసల స్లైడ్లు ఏటా చూపిస్తూనే ఉన్నారు కదా, ఒక్కసారి పిల్లలకు బతికున్న పిండాన్ని చూపించండి.