గోడ మీద బొమ్మ, అరలో కథ

మొన్న ఆదివారం కోనసీమలో ఒక ఊరి గ్రంథాలయానికి వెళ్లాను. పిల్లల గదికి కొత్తగా బొమ్మలు వేయించాం, చూసి వెళ్లమని అక్కడి మిత్రులు పిలిచారు. తలుపు తీయగానే ఎదురుగోడ నిండా ఛోటా భీమ్, పక్కన డోరేమాన్. మనసు చివుక్కుమంది.

ఈ కాలమ్ చదివేవారికి నా పట్టుదలలు తెలుసు. భీమవరం అడివి బాపిరాజును, నరసాపురం బాపును కన్న గోదావరి నేల ఇది. బాపు గీతకు, ధవళేశ్వరం ముళ్లపూడి మాటకు పుట్టిన బుడుగు ఇక్కడివాడే. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర కంటపడిన కుర్రాడు దామెర్ల రామారావు బొంబాయి జేజే స్కూల్లో చదువుకున్నాడు. తిరిగొచ్చి సొంత ఊళ్లోనే చిత్రకళాశాల పెట్టాడు. 1925లో, ఇరవై ఎనిమిదో ఏటనే మశూచి ఆయన్ని తీసుకుపోయింది. ఆయన బొమ్మలు ఇప్పటికీ రాజమండ్రి గ్యాలరీలో ఉన్నాయి. ఇంతటి వారసత్వం పక్కన పెట్టుకుని మన పిల్లల గోడకు టీవీలో బొమ్మలా? వీటిని చెరిపించి గోదావరినీ, పడవలనీ, బుడుగునీ వేయించండని రాయాలనే నిశ్చయించుకున్నాను.

బొమ్మలు వేసిన ఆర్టిస్టు అక్కడే ఉన్నాడు. ఒకప్పుడు కొట్ల బోర్డులు రాసిన చెయ్యి. ఫ్లెక్సీలు వచ్చి ఇలాంటి ఎన్ని చేతుల్ని ఖాళీగా కూర్చోబెట్టాయో ఇదివరకే రాశాను. ఆయన పనిలో వంక పెట్టడానికి లేదు. గళ్లు గీసి బొమ్మ పెంచిన తీరులో కొలత తప్పలేదు. “కాలవగట్టు గోడ కదండి, కింద మూడడుగులూ చెమ్మ లాగేస్తదండి. అక్కడ బొమ్మేస్తే రెండు వానాకాలాలకి పెచ్చులూడిపోద్ది. అందుకే పైనెత్తుకున్నానండి” అన్నాడు. వేసవిలో గోడ బాగా ఆరాక పాత సున్నం గీకించి, ప్రైమర్ కొట్టి, అప్పుడు రంగు ఎక్కించాడట. ఏ బొమ్మలు వెయ్యాలో ఫోన్లో పంపింది మాత్రం కమిటీవారే.

మేం మాట్లాడుకుంటుంటే ఒక చిన్నపిల్ల వచ్చి, భీమ్‌ను చూపించి, “ఈ కథ ఏ పుస్తకంలో ఉందండీ?” అని అడిగింది. ఆర్టిస్టు గ్రంథపాలకుడి వైపు చూశాడు. గ్రంథపాలకుడు బీరువా వైపు చూశాడు. బీరువాకు తాళం ఉంది. తీసినా ఆ కథ అందులో లేదు.

ఆ ప్రశ్న నన్ను మా ఊరి గ్రంథాలయానికి తీసుకుపోయింది. నాకింకా అక్షరాలు కూడబలుక్కోవడం కూడా రాని రోజులు. అన్నయ్య చందమామ తిరగేస్తుంటే పక్కన కూర్చునేవాణ్ని. భేతాళ కథ దగ్గరికి రాగానే పేజీ తిప్పనిచ్చేవాణ్ని కాదు. శంకర్ వేసిన ఆ బొమ్మ మీ అందరికీ కళ్లకు కట్టే ఉంటుంది: చేతిలో కత్తి, భుజాన శవం, చీకట్లో నడిచిపోయే విక్రమార్కుడు. “ఆ శవం ఏమంటోందిరా?” అని అడిగేవాణ్ని. ఓపిక ఉన్నప్పుడు అన్నయ్య చదివి చెప్పేవాడు. లేనప్పుడు “కిందే రాసుంది, చదువుకో” అనేవాడు. ఆ కింద రాసున్నదాని కోసమే నేను గుణింతాలు నేర్చుకున్నాను. బడిలో బెత్తం వల్ల కాని పని ఆ బొమ్మ వల్ల అయింది. ఎందుకంటే అది సగమే చెప్పేది. మిగతా సగం అక్షరాల్లో ఉండేది. ఆ అక్షరాలు కూడా ఎక్కడో కాదు, అదే పేజీలో, నా వేలికి అందే దూరంలో. 1947లో చక్రపాణి, నాగిరెడ్డి మొదలుపెట్టిన ఆ పత్రికలో పేజీపేజీకీ బొమ్మ ఉండాలన్న పట్టింపు వెనక పిల్లల మనసు తెలిసిన పెద్దరికం ఉంది.

గ్రంథాలయం గోడకు బొమ్మ కొత్త సంగతి కాదు. శాంతినికేతన్‌లో పాత గ్రంథాలయం వరండా గోడల మీద నందలాల్ బోస్, ఆయన శిష్యులు చిత్రాలు వేశారు. తడి సున్నం మీద రంగు వేసే జైపూర్ పద్ధతి నేర్పడానికి నర్సింగ్‌లాల్ అనే పనివాణ్ని అక్కణ్నుంచే పిలిపించుకున్నారు. న్యూయార్క్ ప్రభుత్వ బడుల్లో రాబిన్‌హుడ్ ఫౌండేషన్ గ్రంథాలయాలు బాగుచేయించినప్పుడు, డిజైనర్ మైకేల్ బేరుట్‌కు ఒక సంగతి తెలిసొచ్చింది. పిల్లల చేతికి అందేంత ఎత్తులోనే అరలు కడితే, పైన కప్పు దాకా గోడ ఖాళీగా మిగులుతోంది. బొమ్మలకు అదే చోటయింది. ముందు పిల్లల చెయ్యి, తర్వాత అర, ఆ తర్వాతే బొమ్మ. మన ఆర్టిస్టు చెమ్మకు భయపడి వదిలిన మూడడుగులూ సరిగ్గా ఆ అరలు ఉండాల్సిన చోటే. కాకపోతే గోడకు జానెడు ఎడంగా, గాలి ఆడేలా పెట్టుకోవాలి, పుస్తకాలకు చెమ్మ తగలకుండా.

అందుకే, చెరిపించండని రాయబోయినవాణ్ని, ఉంచమంటున్నాను. భీమ్ ఉండనివ్వండి. ఆ పిల్ల అడిగిన పుస్తకం తెప్పించి ఆ బొమ్మ కిందే పెట్టండి. గోదావరి పడవలే వెయ్యాలన్న నా పట్టుదలనూ వదులుకుంటున్నాను. కాలవా, కొబ్బరిచెట్లూ ఆ గదికి కిటికీలోంచే కనబడుతున్నాయి. ఇక్కడి పిల్లలకు గోడ మీద మంచుకొండ కనిపించినా, ఎడారిలో ఒంటె కనిపించినా మంచిదే, ఆ కథ అరలో ఉంటే. అరలో లేనప్పుడు దామెర్లవారి బొమ్మకు నకలు తీయించినా అది గదికి అలంకారమే అవుతుంది తప్ప పిల్లలకు దారి చూపదు.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. ఊరూరా గోడలకు రంగులు పడే రోజులు దగ్గరికొచ్చాయి. పిల్లల గదుల వంతూ వస్తుంది. ఇంటి పన్నుతో పాటు మనమందరం గ్రంథాలయ పన్ను కడుతున్నాం కనుక అడిగే హక్కు మనకుంది. ముందు పుస్తకాల జాబితా రాయండి. వాటిని తెప్పించి ఆర్టిస్టు ఇంటికి పంపండి, తీరిగ్గా చదువుకోనివ్వండి. ఏ కథలో ఏ ఘట్టం దగ్గర ఆపాలో ఆయన్నే తేల్చుకోనివ్వండి. రంగు డబ్బాలు కొనేది ఆ తర్వాత. వాటన్నిటికంటే ముందు ఆ బీరువా తాళం తీయించండి.