ఇంటి దొంగకు కాపలా

క్యాసినో టేబుల్ మీద జరిగే లావాదేవీకి రసీదు ఉండదు. బ్లాక్‌జాక్ డీలర్ గంటలో కొన్ని వందల సార్లు చిప్స్ ఇస్తాడు, తీసుకుంటాడు. ఎవరు ఎంత పందెం కాశారో, ఎవరికి ఎంత చెల్లించారో విడివిడిగా ఏ చిట్టాకూ ఎక్కదు. ఒక ఆట ముగియగానే పేకముక్కలు పక్కకు పోతాయి, చిప్స్ ట్రేలో కలిసిపోతాయి. అందుకే ఇక్కడి దొంగతనాన్ని ఆ తర్వాత లెక్కల్లో వెతికి పట్టుకోవడం కష్టం. జరుగుతున్నప్పుడే కంటపడేలా చేయాలి. అమెరికాలో నెవాడా రాష్ట్రం 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసింది. న్యూజెర్సీలోని అట్లాంటిక్ సిటీలో తొలి క్యాసినో 1978లో తెరుచుకుంది. ఈ రెండు చోట్లా ఏళ్ల తరబడి స్థిరపడిన పద్ధతులన్నిటికీ మూలం ఈ అవసరమే.

టేబుల్ దగ్గర ఉద్యోగి దొంగతనం ముఖ్యంగా నాలుగు దారుల్లో సాగుతుంది. చిప్స్‌ను అరచేతిలో దాచి ఒంటి మీదికి చేర్చడం ఒకటి. ఆటగాడిలా వచ్చి కూర్చున్న తోడుదొంగకు ఎక్కువ చెల్లించడం, లేదా ఓడిన పందేన్ని తీసుకోకుండా వదిలేయడం రెండోది. ముక్కలను కలిపినట్టు నటించి వాటి వరసను కాపాడటం మూడోది. టేబుల్‌కు వచ్చే చిప్స్ కాగితాల్లోనో, నగదు లెక్కించే గదిలోనో చేతివాటం చూపడం నాలుగోది.

మొదటి దారిని మూసేది చేతుల క్రమశిక్షణ. డీలర్ టేబుల్ వదిలి వెళ్లేముందు, ముఖమో మెడో తాకేముందు రెండు చేతులూ చాపి, అరచేతులు పైకీ కిందికీ తిప్పి కెమెరాకు చూపాలి. నడుముకు కట్టే ఏప్రాన్ ప్యాంటు జేబులను కప్పేస్తుంది. కొన్నిచోట్ల యూనిఫామ్‌కు జేబులే కుట్టరు. టిప్‌గా వచ్చిన చిప్‌ను టేబుల్‌కు తట్టి, చప్పుడు వినిపించాక విడిగా ఉన్న పెట్టెలో వేయాలి. చాలా క్యాసినోల్లో ఆ టిప్పులను తర్వాత డీలర్లందరికీ పంచుతారు. కాబట్టి ఏ చిప్ అయినా డీలర్ ఒంటి వైపు కదిలిందంటే దానికి సాకు దొరకదు.

నగదుకూ ఇదే కట్టుబాటు. ఆటగాడు నోట్లను డీలర్ చేతికి ఇవ్వకూడదు, టేబుల్ మీద పెట్టాలి. డీలర్ వాటిని ఒక్కొక్కటిగా పరిచి మొత్తాన్ని పైకి చెబుతాడు. ఫ్లోర్ సూపర్‌వైజర్ విని సరేనంటాడు. ఆ తర్వాతే చిప్స్‌ను విడగొట్టి, లెక్క కనిపించేలా పేర్చి ఆటగాడి ముందుకు జరుపుతాడు. నోట్లను చిన్న పలకతో టేబుల్‌లోని సన్నని గాడి గుండా కింది డ్రాప్ బాక్స్‌లోకి తోస్తాడు. ఆ పెట్టె తాళంచెవి డీలర్ దగ్గరా ఉండదు, అతడి పైఅధికారి దగ్గరా ఉండదు.

చెల్లింపుల్లో మోసం ఇంతకన్నా సూక్ష్మం. లోపల తొలిచిన చిప్స్ దొంతరను తోడుదొంగ తెస్తాడు. బయటికి అది తక్కువ విలువ చిప్స్ వరసలా కనిపిస్తుంది. దాన్ని ట్రేలో పెడుతూ డీలర్ పెద్ద విలువ చిప్స్‌ను ఆ బోలులో నింపి, చిల్లర ఇస్తున్నట్టు తిరిగి ఇస్తాడు. దీనికి విరుగుడు ప్రతి దొంతరనూ కొన్ని చిప్స్ చొప్పున విడగొట్టి చూపాలన్న నియమం. అతికించిన దొంతర విడిపోదు. పందెం పక్కనే చెల్లింపును పెట్టి రెండింటి ఎత్తూ సరిచూపించాలన్న నియమమూ ఇలాంటిదే.

పేకముక్కల విషయంలో డీలర్ ఇష్టానికి వదిలేది దాదాపు ఏమీ లేదు. కొత్త కట్టను బోర్లా కాకుండా ముఖాలు కనిపించేలా పరిచి చూపాలి. ఎన్నిసార్లు, ఏ వరసలో కలపాలో రాసి ఉంటుంది. కలిపాక కట్ చేసే పని ఆటగాడికి అప్పగిస్తారు. వాడిన కట్టలకు రంధ్రం చేయడమో, మూల కత్తిరించడమో చేసి మళ్లీ ఆటలోకి రాకుండా చూస్తారు. ఇప్పుడు చాలా టేబుళ్ల మీద కలిపే పని యంత్రానిదే. డీలర్లను తరచూ టేబుల్ నుంచి టేబుల్‌కు మారుస్తుంటే ముందే కుదిరిన ఒప్పందాలకు వీలు తగ్గుతుంది.

టేబుల్‌లో చిప్స్ తగ్గితే వాటిని నిల్వ చేసే కేజ్ నుంచి తెప్పిస్తారు. అక్కడి క్యాషియర్, మోసుకొచ్చే సెక్యూరిటీ గార్డు, అందుకునే డీలర్, పర్యవేక్షించే సూపర్‌వైజర్ ఒకే స్లిప్ మీద సంతకం చేస్తారు. ఒక ప్రతి డ్రాప్ బాక్స్‌లో పడుతుంది, మరొకటి వేరే దారిలో లెక్కల విభాగానికి చేరుతుంది. పెట్టెలను తెరిచే గదిలో లెక్కించేవారు జేబుల్లేని దుస్తుల్లో, కెమెరాల ముందు, బృందంగా పనిచేస్తారు. తిరుమల పరకామణిలో హుండీ కానుకలు లెక్కించే తీరు చూసినవారికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు.

ఇక లెక్క. టేబుల్ 50 వేల డాలర్ల చిప్స్‌తో మొదలైందనుకుందాం. మధ్యలో 20 వేలవి తెప్పించారు. పెట్టెలో 30 వేల నగదు పడింది. చివరికి 46 వేల చిప్స్ మిగిలాయి. మిగిలినవీ నగదూ కలిపితే 76 వేలు, పెట్టింది 70 వేలు. టేబుల్ గెలుపు 6 వేలు, అంటే పడిన నగదులో 20 శాతం. ఈ శాతం ఒక్క షిఫ్టులో పడిపోతే ఏమీ తేల్చలేం. ఆటగాడి అదృష్టం, డీలర్ దొంగతనం రెండూ ఈ అంకెలో ఒకేలా కనిపిస్తాయి. వారాల తరబడి, ఒకే డీలరో ఒకే షిఫ్టో ఉన్నప్పుడు పడిపోతుంటేనే వీడియోలు తిరగేస్తారు.

వీడియో కెమెరాలు రాకముందు లాస్ వెగాస్ క్యాసినోల పైకప్పులో నడవలు ఉండేవి. ఒకవైపు నుంచే కనిపించే అద్దాల వెనక మనుషులు తిరుగుతూ కింది టేబుళ్లను చూసేవారు. నేటి నిఘా గదిలో పరికరాలు మారాయి. అసలు సూత్రం మాత్రం నిఘా సిబ్బంది ఆట నడిపే విభాగం కింద ఉండకూడదన్నది. న్యూజెర్సీ నిబంధనలు నిఘా విభాగానికి స్వతంత్ర ప్రతిపత్తి ఉండాలంటాయి. టేబుళ్లను పర్యవేక్షించే పిట్ బాస్‌ను కూడా కనిపెట్టాల్సినవారు అతడి మాటకు లోబడితే కాపలాకు అర్థం లేదు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత నిజమయ్యేది ఇంట్లో కొందరు కలిసినప్పుడే. 2007లో అమెరికాలో అభియోగాలు ఎదుర్కొన్న ట్రాన్ ఆర్గనైజేషన్ అనే ముఠా డీలర్లకు లంచాలిచ్చి బాకరా, బ్లాక్‌జాక్ టేబుళ్ల మీద ముక్కలను కలిపినట్టు నటింపజేసింది. ముందు ఆటల్లో వచ్చిన ముక్కల వరసను గుర్తుపెట్టుకుని, అదే వరస మళ్లీ వచ్చినప్పుడు భారీ పందేలు కాసింది. అమెరికా, కెనడాల్లోని రెండు డజన్లకు పైగా క్యాసినోల నుంచి 70 లక్షల డాలర్ల వరకు కొల్లగొట్టిందని ప్రాసిక్యూటర్లు తేల్చారు. మెల్‌బోర్న్‌లోని క్రౌన్ క్యాసినోలో 2013లో 3.2 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు పోయినట్టు వార్తలు వచ్చినప్పుడు, నిఘా కెమెరాల దృశ్యాలనే ఒక ఆటగాడికి సాయంగా వాడారన్న ఆరోపణ వినిపించింది.

దొంగతనం పైనుంచే జరిగితే లోపలి నియమాలేవీ నిలవవు. 1970లలో లాస్ వెగాస్‌లోని స్టార్‌డస్ట్ క్యాసినో రాబడిని లెక్కలోకి రాకముందే మాఫియాకు మళ్లించారు. ఆ కుట్రలో ముఠా నాయకులకు 1986లో శిక్ష పడేలా చేసింది బయటి దర్యాప్తే. నెవాడాలో 1955లో ఏర్పడిన గేమింగ్ కంట్రోల్ బోర్డు లాంటి ప్రభుత్వ సంస్థలు లోపలి కాపలాపై మరో కాపలాగా ఉండాల్సింది ఇందుకే.

టేబుల్ ఎంత భద్రమో చెప్పే కొలత ఒక్కటే: అక్కడ దొంగతనం జరగాలంటే ఎంతమంది కలవాలి? ఒక్కడు చాలు అన్నచోట నిజాయితీగల డీలర్ మీద కూడా అనుమానం పడుతుంది. నలుగురు కలిస్తే తప్ప కుదరదన్నచోట అతడు నిశ్చింతగా పని చేసుకోవచ్చు.