ఎత్తిన బొమ్మ, ఎగ్గొట్టిన పేరు

చూసి వేయడం అమెరికా కామిక్స్‌కి మొదటి బడి. 1930ల చివర, గడువు తరుముతుంటే పేజీలు నింపాల్సిన కుర్ర చిత్రకారులు పత్రికల్లో నచ్చిన బొమ్మలు కత్తిరించి దాచుకునేవారు. ఆ కట్టకు ‘స్వైప్ ఫైల్’ అని పేరు. అలెక్స్ రేమండ్ వేసిన ‘ఫ్లాష్ గార్డన్’, హాల్ ఫాస్టర్ వేసిన ‘ప్రిన్స్ వాలియంట్’ ఆ తరానికి పాఠ్యపుస్తకాలు. దూకే మనిషి బరువు ఏ కాలి మీద పడుతుంది, గుడ్డ మడత ఎక్కడ మొదలై ఎక్కడ తేలిపోతుంది, నీడకు ఎంత నలుపు కావాలి అన్నవి చెబితే వచ్చేవి కావు, వేస్తేనే చేతికి అబ్బుతాయి. అందుకే నకలు వేయడమే తప్పనే మాటను నేను ఒప్పుకోను. తప్పు మొదలయ్యేది మూలాన్ని దాచినప్పుడు.

బ్యాట్‌మన్ తొలిసారి కనిపించిన 1939 మే ‘డిటెక్టివ్ కామిక్స్’ సంచికనే చూడండి. అట్ట మీద తాడు పట్టుకుని ఊగే ఆ భంగిమ రేమండ్‌ది. లోపలి కొన్ని బొమ్మలకు మూలం హెన్రీ వాలెలీ ఒక పిల్లల పుస్తకానికి వేసిన చిత్రాలు. బిల్ ఫింగర్ రాసిన కథ కూడా 1936 నాటి ‘షాడో’ నవల నుంచి వచ్చిందే. ఆ సంగతి ఫింగర్ తర్వాత ఒప్పుకున్నాడు. ఇన్ని చేతులు కలిసిన సృష్టికి దశాబ్దాల పాటు సృష్టికర్తగా అచ్చయిన పేరు చిత్రకారుడు బాబ్ కేన్ ఒక్కడిదే. ఫింగర్ 1974లో చనిపోతే, అధికారికంగా అతని పేరు చేరింది 2015లో. కామిక్స్ చిత్రకారుడు జాక్ కర్బీ కూడా ఇలా ఒక బొమ్మ తీసుకున్నాడు. 1937 నాటి ఒక స్ట్రిప్‌లో వాలియంట్ వేసుకున్న భయంకరమైన ముసుగే 1972లో కర్బీ ‘డీమన్’కి ముఖమైంది. అయితే ఫాస్టర్ రుణాన్ని కర్బీ దాచలేదు, ఒకనాటి మారువేషాన్ని కొత్త పాత్రగా నిలబెట్టాడు.

పాప్ ఆర్ట్ చిత్రకారుడు రాయ్ లిక్టెన్‌స్టైన్ సంగతి ఇంత తేలిగ్గా తెగదు. న్యూయార్క్ మోమా మ్యూజియంలో ఉన్న అతని ‘డ్రౌనింగ్ గర్ల్’ (1963)కి మూలం, అంతకు ముందు ఏడు ‘సీక్రెట్ హార్ట్స్’ 83వ సంచికలో టోనీ అబ్రుజో వేసిన ఒక గడి. వెనక బోల్తాపడ్డ పడవనీ, దాన్ని పట్టుకున్న ప్రియుణ్ణీ లిక్టెన్‌స్టైన్ తీసేశాడు, అతని పేరు మార్చాడు, అలలను అమ్మాయి చుట్టూ బిగించాడు. తన స్కెచ్‌ని ప్రొజెక్టర్‌తో కాన్వాస్ మీదికి వేసుకుని పెంచాడు, అచ్చు చుక్కలను చేత్తో దిద్దాడు. ఇది కొత్త కళే అనేవాళ్లతో నాకు పేచీ లేదు. కానీ కన్నీళ్లతో నిండిన ఆ ముఖం, నీళ్లలో మునిగే ఆ తల వంపు అబ్రుజో ఆలోచన. ఆ అలల్లో జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ పోలిక చూడవచ్చని లిక్టెన్‌స్టైనే చెప్పాడు. హొకుసాయ్‌ని తలుచుకోగలిగినప్పుడు పన్నెండు సెంట్ల పుస్తకాన్నీ తలుచుకోవచ్చు గదా! ఆ రోజుల్లో రొమాన్స్ కామిక్స్‌లో చిత్రకారుల పేర్లు సాధారణంగా వేసేవారు కాదన్నది నిజమే, అది ప్రచురణకర్తల అన్యాయం. అంతమాత్రాన సంచిక పేరు చెప్పకపోవడానికి అది సాకు కాదు.

హక్కులన్నీ కంపెనీవే కాబట్టి చిత్రకారుడు పోగొట్టుకున్నదేమీ లేదని మరో వాదన. హక్కు అమ్ముడుపోతుంది, వేసిన చెయ్యి ఎవరిదన్న నిజం అమ్ముడుపోదు. లిక్టెన్‌స్టైన్ ‘బ్లామ్’కి మూలమైన గడి వేసిన రస్ హీత్‌కి వృద్ధాప్యంలో అండగా నిలిచింది కామిక్స్ కళాకారుల సహాయ సంస్థ. ఆ సంస్థ కోసం అతను తన గోడు ఒక పేజీ కామిక్‌గా వేశాడు. లిక్టెన్‌స్టైన్ చిత్రాలు కోట్ల డాలర్లు పలుకుతున్న ఈ రోజుల్లో, పక్కన మూలపు గడిని అచ్చువేసి కింద అబ్రుజో, హీత్, అలాగే మరో మూలం వేసిన ఇర్వ్ నోవిక్ పేర్లు రాయడానికి మ్యూజియాలకు అయ్యే ఖర్చు ఒక చిన్న అట్టముక్క.